గడప మీద ఎరుపు

“ఆదివారం నువ్వు చర్చికి పోలేదు. మరి ఎక్కడికి పోయినవ్?”

పద్మావతి ఈ మాట అడగడం ఇది మూడోసారి. బల్లకు అవతల కూర్చున్న బ్యూలా మూడోసారి కూడా తల దించుకుంది. చున్నీ కొసను వేలికి చుట్టుకోవడం, విప్పుకోవడం తప్ప నోరు విప్పలేదు.

పద్మావతికి ఒళ్లు మండింది. పోలీసు ఉద్యోగం వదిలేసి సంగారెడ్డిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక ఆమె చాలా రకాల మనుషుల్ని చూసింది. అబద్ధాలాడేవాళ్లతో ఆమెకు పేచీ లేదు, మాట్లాడుతున్నంతసేపూ ఎక్కడో ఒకచోట దొరికిపోతారు. ఇలా గమ్మున కూర్చునేవాళ్లతోనే చిక్కు. మధ్యాహ్నం కావొస్తోంది. సాయంత్రం ఐదింటికి పోలీసులు వచ్చి ఈ పిల్లను తీసుకుపోతారు. అంతవరకే కంపెనీ ఎం.డి. పద్మావతికి గడువిచ్చాడు.

గుమ్మడిదల దగ్గరి అర్ణవి బయోలాజికల్స్ మనుషులకు వేసే బర్డ్ ఫ్లూ టీకా తయారు చేస్తోంది. ఆ టీకా పెరిగేది కోడిగుడ్లలో. బజారు గుడ్లు దానికి పనికిరావు, పుట్టినప్పటి నుంచి ఏ జబ్బూ సోకని కోళ్లు పెట్టిన గుడ్లే కావాలి. అందుకోసం కంపెనీ వెనకాల ప్రత్యేకంగా ఒక షెడ్డు కట్టి, ఈగ కూడా దూరకుండా కోళ్లను సాకుతున్నారు. ఏ జబ్బుకు మందు చేస్తున్నారో ఆ జబ్బే ఆ షెడ్డులోకి దూరింది. సగం కోళ్లు చచ్చాయి. మిగతావాటిని అధికారులు చంపించి గోతిలో పూడ్పించారు. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఏడుస్తున్నా వినకుండా పెరటి కోళ్లను కూడా పట్టుకుపోయారు. మనుషుల మీద తొలి పరీక్షకు పోవలసిన టీకా ఆగిపోయింది.

జబ్బు బయటపడడానికి ముందటి ఆదివారం ఎన్నడూ లేనిది షెడ్డుకు సెలవిచ్చారు. మేత పెట్టేవాళ్లు పొద్దున్నే వచ్చి పోయారు. ఆ తర్వాత తలుపు ఒక్కసారే తెరుచుకుంది, అదీ బ్యూలా కార్డుతో. గుడ్లను పరీక్షించే విభాగంలో పనిచేసే బ్యూలా ఏమో ఆరోజు చర్చిలో ఉన్నానంది. చర్చిలో అడిగితే రాలేదన్నారు.

“పోటీ కంపెనీవాళ్లు చెప్తే చేసినవా? ఇంత మంది ప్రాణాలు కాపాడే మందును మట్టిల కలిపెటందుకు నీకు చేతులెట్ల వచ్చినయ్?” పద్మావతి బల్ల మీద గట్టిగా చరిచింది.

బ్యూలా ఉలిక్కిపడి ఏడుపు మొదలుపెట్టింది. ఏడుస్తూనే చెప్పింది.

“కొండాపూర్ పోయిన మేడం. మా ఇంటికి.”

“ఇంటికి పోతే దాచుడెందుకు?”

“మా నాయిన కోళ్లు పెంచుతడు.”

పద్మావతికి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఈ షెడ్డుతో సంబంధం ఉన్న ఎవరి ఇంట్లోనూ కోడి గానీ, పావురం గానీ, చిలక గానీ ఉండకూడదు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఆ మాట ఇస్తారు.

“మా నాయిన బిల్లీ సార్ అంటే మా ఊళ్లె అందరికీ తెలుసు మేడం. బడి పంతులుగ చేసి రిటైర్ అయిండు. అమ్మ పోయినంక ఆ కోళ్లతోనే మాట్లాడుతుంటడు. లేవని అబద్ధం చెప్పి నేను నౌకరీల చేరిన. అమ్మెయ్ నాయినా అని చెప్పనీకి ఆదివారం పోయిన. ఆయనేమో నేనొచ్చిన్నని సంబురపడి ఒకదాన్ని కోసి కూర వండిండు. ఏం చెప్పాలె మేడం? తినొచ్చిన. సిగ్గైంది. అందుకే చర్చి అని చెప్పిన.”

తలుపు దగ్గర ఎవరో చప్పట్లు కొట్టారు. కంపెనీ సెక్యూరిటీ అధికారి వీర్రాజు. కాకినాడ నుంచి వచ్చిన రిటైర్డు పోలీసు, మీసానికి రంగు వేయడం మాత్రం ఇంకా రిటైరు కాలేదు. బయటి నుంచి డిటెక్టివ్‌ను పిలిపించడం తనకు చేసిన అవమానంగా అతను పొద్దుటి నుంచీ మూతి ముడుచుకునే ఉన్నాడు.

“విన్నారాండీ? ఇంట్లో కోళ్లు. ఆ కోళ్ల రోగం ఒంటికి అంటించుకుని వచ్చింది. కావాలని చేసిందో, బుద్ధిలేక చేసిందో కోర్టు చూసుకుంటుంది. ఇంకా ఐదింటి దాకా ఎందుకండీ మేడంగారూ?”

పద్మావతి అతని వంక చూడలేదు. బ్యూలానే అడిగింది. “మీ నాయిన కోళ్లు ఇప్పుడెట్లున్నయి?”

“మంచిగనే ఉన్నయి మేడం. నిన్న ఫోన్ చేస్తే పుంజు కూతకు ఆయన మాట కూడా ఇనరాలె.”

“ఇన్నరా వీర్రాజు గారూ? ఈ జబ్బు సోకిన కోళ్లు రెండ్రోజులు నిలవయి. ఇక్కడి కోళ్లు చచ్చినయి, ఆ ఇంటి కోళ్లు కూతలు పెడుతున్నయి. అక్కడ లేని రోగాన్ని ఈ పిల్ల ఎక్కడి నుంచి తెస్తది?”

వీర్రాజు ముఖం మాడ్చుకున్నాడు. “మరి కార్డు?”

“శనివారం బస్సు పోతదని ఉరికిన సార్. స్నానం గది ముందట కొక్కేనికి తగిలించి మర్చిపోయిన. సోమవారం వచ్చేసరికి అక్కడనే ఉంది.”

షెడ్డులోకి పోయే ఎవరైనా బయటి వస్తువులన్నీ ఆ కొక్కేలకు తగిలించి, స్నానం చేసి, కంపెనీ బట్టలు వేసుకునే లోపలికి పోవాలి. వచ్చేటప్పుడూ అంతే. బ్యూలా మాట నమ్మశక్యంగానే ఉంది. దాన్ని రాబట్టడానికి బల్ల చరచవలసిన పని లేకపోయింది. పద్మావతికి తన చేయి తనకే బరువుగా అనిపించింది. “నీళ్లు తాగు బిడ్డా” అంది. ఆ పిల్ల తాగలేదు. అలా తాగకపోవడమే న్యాయమనిపించింది.

* * *

షెడ్డు ముందు సున్నం చల్లి, తాళ్లు కట్టి ఉంచారు. పాదాల నుంచి నెత్తి దాకా తెల్ల బట్టలు, ముక్కుకు మాస్కులు వేసుకుని పద్మావతి, వీర్రాజు లోపలికి నడిచారు. స్నానాల గది, కొక్కేలు, దాన్ని దాటాక షెడ్డు తలుపు. తలుపు ముందు సిమెంటు గడప. గడపకు లోపల, పాదాలు ముంచడానికి మందు నీళ్ల తొట్టి.

వీర్రాజు బూట్లతో గడప మీదే నిలబడి వేలు చూపించాడు.

“ఇదిగోనండీ రక్తం. దొంగతనంగా వచ్చినప్పుడు ఆ అమ్మాయి కాలో చెయ్యో కోసుకుంది. ల్యాబుకి పంపించాను. మీరు రాకముందే.”

చివరి మాట ఒత్తి పలికాడు. పద్మావతి మోకాళ్ల మీద కూర్చుని చూసింది. గడప పొడుగునా సున్నం పొడి పడింది. తడి తగిలిన చోటల్లా ఎర్రగా మెరుస్తోంది.

“రక్తం ఎండితే నల్లబడుతది. ఇన్ని రోజులైనా ఇదింత ఎర్రగ ఎందుకుంది?”

“మందులేవో చల్లారు కదండీ.”

“వీర్రాజు గారూ, మీ ఇంట్ల మనవలకు దిష్టి తీసేటప్పుడు ఎర్రనీళ్లు ఎట్ల చేస్తరు?”

“ఇదేం ప్రశ్నండీ? నీళ్లలో పసుపేసి, కాస్త సున్నం...”

మాట సగంలో ఆగింది. అతను మెల్లగా గడప మీంచి కిందికి దిగాడు. బూట్ల వంక చూసుకున్నాడు.

“అదే. సున్నం మొన్న అధికారులు చల్లిన్రు. పసుపు అంతకుముందే ఉంది. ఎవరో ఈ గడపకు పసుపు పూసిన్రు. మీ ల్యాబు గదే చెప్తది.” పద్మావతి కర్చీఫు తడిపి మెల్లగా అద్దింది. పైపొర పోయాక ఎరుపు కింద ముదురు రంగు చుక్కలు వరసగా బయటపడ్డాయి. “ఇగో, కుంకుమ బొట్లు. ఐదు. బ్యూలా క్రైస్తవుల పిల్ల. దొంగతనానికి వచ్చినోళ్లెవరన్న గడపకు పూజ చేస్తరా?”

ఆమె అక్కడితో ఆగలేదు. పక్కనున్న నీళ్లు పోయే జాలీ ఎత్తి టార్చి వేసింది. వేలు పెట్టి తీస్తే ఒక ఈక వచ్చింది. ఎర్రటి ఈక, కొసన నలుపు.

“మీ షెడ్డుల ఎర్ర కోళ్లున్నయా?”

“అన్నీ తెల్లవేనండీ.” వీర్రాజు గొంతులో ఇందాకటి బింకం లేదు. అయినా ఊరుకోలేకపోయాడు. “ఏ కూలివాడో చేసుంటాడు. మూఢనమ్మకాలు. ఈ ఊళ్లవాళ్లకి ఎంత చెప్పినా...”

“షెడ్డుకు సెలవిచ్చేటోడు కూలోడు కాదు గదా?”

అప్పుడే స్నానాల గది తలుపు తెరుచుకుంది. టీకా విభాగానికి పెద్ద, డాక్టర్ చంద్రకాంత్ వచ్చాడు. కొండాపూర్ వైపు రైతు కుటుంబంలో పుట్టి, విదేశాల్లో చదివి, ఈ టీకా కోసమే తిరిగొచ్చినవాడు. టీవీలో ఎప్పుడు కనిపించినా సైన్సును నమ్మండి, పుకార్లను నమ్మకండి అని చెబుతుంటాడు. కంపెనీలో అందరికీ ఆయనంటే భక్తి.

“పద్మావతి గారూ, ఇంకా ఎంతసేపు పడుతుంది? ఆ అమ్మాయి విషయం తొందరగా తేలిపోతే అందరికీ...”

మాట్లాడుతూనే లోపలికి నడిచాడు. గడప దగ్గరకు రాగానే ఆయన కాలు కొంచెం ఎక్కువ ఎత్తుకు లేచింది. గడపను తొక్కకుండా దాటింది. కుడిచేయి కిందికి వంగబోయి, తెల్ల బట్టల్లో ఉన్నానని గుర్తొచ్చినట్టు సగంలో ఆగిపోయింది.

పద్మావతి చూసింది. ఆమె చూసిన సంగతి ఆయనా గమనించాడు.

“ఇందాకటి నుంచి మేమిద్దరం తొక్కుతూనే ఉన్నం డాక్టర్ గారూ. సిమెంటు గడప. మీరొక్కరే దాటిన్రు. పసుపు పూసినట్టు మీకెట్ల తెలుసు?”

చంద్రకాంత్ ఆమె చేతిలోని ఎర్ర ఈక వంక చూస్తూ నిలబడ్డాడు.

“ఏవండీ, మీరెవరితో మాట్లాడుతున్నారో తెలుస్తోందా?” వీర్రాజు అడ్డం వచ్చాడు. “ఆయనకి ఆ ఖర్మేంటండీ? ఎం.డి. గారికి ఇప్పుడే ఫోను చేస్తాను. మీ డిటెక్టివు వేషాలు...”

“వద్దు వీర్రాజు గారూ.” చంద్రకాంత్ చేయెత్తి ఆపాడు. “ఆమె చెప్పింది నిజమే.”

ఆయన గోడకు ఆనుకుని అలాగే కింద కూర్చున్నాడు. టీవీలో వినిపించే భాష ఎటో పోయింది. ఊళ్లో మాట్లాడే భాష వచ్చింది.

“రెండుసార్లు పోయింది టీకా. గుడ్లల్ల పిండాలు ఊకెనే సచ్చిపోతుండె. ఎందుకో తెల్వదు. షెడ్డు కట్టేటప్పుడు పోచమ్మ రాయిని బుల్డోజరుతోని పక్కకు జరిపిన్రని పనోళ్లు అనుకుంటనే ఉన్నరు. మా అమ్మకు ఎవరో చెప్పిన్రు. ఒక్క కోడిని తిప్పి కోయిస్తే ఏం పోతది బిడ్డా అని రోజూ ఫోన్ల ఏడ్చింది. ఆఖరికి సరే అన్న. ఆమె కోసమే అని చెప్పుకున్న. అబద్ధం. నాకూ భయమైంది.”

“కార్డు?”

“నా కార్డు గీకితే నా పేరు పడుతది. ఇంత చదివినోడు కోడిని కోయించిండని నవ్వుతరని సిగ్గైంది. కొక్కేనికి ఒక కార్డు ఉండె. ఎవరిదో చూడను కూడా చూడలె. ఆ పిల్లదని తర్వాత తెలిసింది. అప్పుడన్న చెప్పాలె. నోరు రాలె. ఒకరోజు చెప్పకపోతే రెండోరోజు చెప్పుడు ఇంకా కష్టమైతది మేడం.”

“కోడి ఎక్కడిది?”

“అంగడిల కొన్నది.” చంద్రకాంత్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “తల వాలేసి ఉండె. కండ్లు మూసి తెరుస్తుండె. నేను చూసిన మేడం. దేశంల ఇంకెవరు చూసినా తెల్వకపోవచ్చు, నాకు తెల్వాలె. తెలిసింది కూడా. వద్దు, తీసుకపో అనొచ్చు. అంటే మళ్ల ఇంకో కోడి, ఇంకో ఆదివారం, ఇంకోసారి దొంగ లెక్క రావాలె. జల్దీ కానియ్ అన్న.”

వీర్రాజు తల తిప్పుకున్నాడు. ఇంత పెద్దమనిషి నేల మీద కూర్చుని ఏడుస్తుంటే చూడడానికి అతనికీ మొహం చెల్లలేదు. “నేను వెళ్లి ఆ అమ్మాయితో చెబుతానండి” అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “ఏమని చెప్పాలంటారు?”

“తప్పైందని చెప్పుండ్రి. నా తరఫున కూడా” అంది పద్మావతి.

అతను పోయాక ఆమె చంద్రకాంత్ ముందు కూర్చుంది. మనసులో ఒక ప్రశ్న ముల్లులా గుచ్చుకుంటోంది.

“కోసింది మీరు కాదు గదా?”

“కాదు. షెడ్డు ఊడ్చే అంజయ్య.”

“యాడున్నడు?”

“కోళ్లు చచ్చినప్పటి నుంచి పనికి వస్తలేడు. భయపడ్డడు అనుకున్న.”

“ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నరు గదా?”

చంద్రకాంత్ తల ఊపాడు. ఊపుతూ ఊపుతూ ఆగిపోయాడు. ఆయన ముఖంలో రంగు మారింది. ఇప్పటిదాకా ఉన్నది సిగ్గు. ఇది వేరు.

“జరం వచ్చినా దవాఖానకు పోడు” అన్నాడు మెల్లగా. “పోతే కోడి సంగతి చెప్పాల్సొస్తది.”

* * *

అంజయ్య ఇల్లు బొంతపల్లి పక్కన చిన్న వాడలో. రెండు గదులు, ముందు రేకుల పంచ. పద్మావతి, చంద్రకాంత్ మాస్కులు సరిచేసుకుని వాకిట్లో నిలబడ్డారు.

అంజయ్య పంచలో మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఊపిరి తీసుకుంటుంటే ఈల వేసినట్టు చప్పుడవుతోంది. చంద్రకాంత్‌ను చూసి లేవబోయాడు, చేతకాలేదు.

“ఎవ్వరికీ చెప్పలె సార్” అన్నాడు ముందుగా. “అమ్మోరి మీద ఒట్టు. ఆఖరికి ఇంటిదానికి కూడా చెప్పలె.”

చంద్రకాంత్ కళ్లు మూసుకున్నాడు.

“ఎన్నాళ్ల నుంచి జరం అంజయ్యా?” పద్మావతి అడిగింది.

“కోళ్లు సచ్చుడు మొదలైన కాడికెల్లి. తగ్గుతదిలే అనుకున్న మేడం.”

“ఆ కోడిని ఏం చేసినవ్?”

“కోసినోనికే గదా మేడం ఇస్తరు. కల్లు దుకాణం ఎనుక బొచ్చు పీకి, కాల్చుకొని తిన్న. ఒక్కన్నే.”

చంద్రకాంత్ కొంచెం ఊపిరి పీల్చుకున్నట్టు కనిపించాడు. పచ్చి కోడిని పట్టుకున్నవాడు ఒక్కడే, జబ్బుపడ్డవాడూ ఒక్కడే. అంబులెన్సు పిలిపించి, మందులు మొదలుపెడితే ఇంకా మించిపోయింది లేదు. ఆయన జేబులోంచి ఫోను తీశాడు.

అప్పుడు లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది.

అంజయ్య భార్య సంగమ్మ గోడ పట్టుకుంటూ బయటికి వచ్చింది. నుదుట వెడల్పుగా విభూతి, మెడలో పసుపు దారం. పెద్ద సారు వాకిట్లో నిలబడ్డాడని ఆమెకు తెగ సిగ్గయింది. ప్లాస్టిక్ కుర్చీ లాగి, దగ్గుతూనే కొంగుతో తుడిచింది.

“కూసోండ్రి సారూ. ఛాయ్ పెడుదునంటే లేవనీకి శాతనైత లేదు. ఈయనకు జరం తగిలినంక మూడు రోజులకు నాకు మొదలైంది.”

చంద్రకాంత్ కూర్చోలేదు. “కోడి మాంసం ఏమన్న ఇంటికి తెచ్చిండా అమ్మా? నువ్వు కడిగినవా? వండినవా?”

ఆ మాటకు సంగమ్మ రెండు చెంపలు వేసుకుంది. “అయ్యో, ఏం మాట సారూ! వీరభద్రుని మొక్కుల ఉన్న. మొక్కు తీరేదాక మా ఇంట్ల నీసు ముట్టం. ఈయన బయట తిన్నడని ఇప్పుడే ఇంటున్న.”

“ఆ రోజు బట్టలు? ఈయన వేసుకున్న బట్టలు నువ్వు ఉతికినవా?”

“కంపెనీ బట్టలు కంపెనీలనే ఇడిచిన సార్” మంచం మీంచి అంజయ్య అన్నాడు. “కోడిని కవర్ల కట్టి బయట పెట్టి, తానం చేసి, నా బట్టలు ఏసుకొని పోయిన. కాల్చుకొని తిన్నంక బోరింగు కాడ మళ్ల తానం చేసిన. మొక్కుల ఉన్నోళ్ల ఇంట్లకు నీసు చేతుల్తోని ఎట్ల వస్త సార్? ఇడిచిన బట్టలు కూడా బకిట్ల నానబెట్టి నేనే పిండుకున్న.”

“ఇంట్లో కోళ్లు?”

“ఏడియి సారూ? ఈ నౌకరీ దొరికిన్నాడే అమ్మేసినం” అంది సంగమ్మ.

చంద్రకాంత్ చేతిలోని ఫోను దించేశాడు. పద్మావతి ఆయన పక్కకు జరిగి, “ఏమైంది?” అని గొంతు తగ్గించి అడిగింది.

“కోడి నుంచి మనిషికి వస్తే అక్కడితో ఆగొచ్చు” అన్నాడు ఆయన. “ఈమె కోడిని చూడనే లేదు. ఈమెకు కోడి నుంచి రాలేదు పద్మావతి గారూ. ఆయన నుంచి వచ్చింది. పరీక్ష చేస్తే గానీ ఖాయంగా చెప్పలేను. కానీ ఇది మనిషి నుంచి మనిషికి పాకుతోంది. ఇది వస్తుందేమోననే ఆ టీకా చేస్తున్నాం. నేను... ఆ గుడ్లను నేనే...”

“ఆ ఏడుపు తర్వాత. ఫోన్ చెయ్యండ్రి.”

ఆయన జిల్లా వైద్యాధికారికి ఫోను చేశాడు. అవతలి నుంచి ఎవరు మాట్లాడుతున్నారని అడిగినట్టున్నారు. చంద్రకాంత్ ఒకసారి పద్మావతి వంక చూశాడు. మాస్కు మీద కళ్లు రెండూ ఎర్రబడి ఉన్నాయి. తర్వాత గట్టిగా, వాడ వాళ్లకు కూడా వినబడేటంత గట్టిగా చెప్పాడు.

“డాక్టర్ చంద్రకాంత్‌ని. అర్ణవి టీకా విభాగం నాదే. షెడ్డు గడప దగ్గర కోడిని కోయించింది నేనే. జబ్బు కోడి. నా వల్ల ఇద్దరు మనుషులు జబ్బుపడ్డారు.”

పక్కింటి తలుపు తెరుచుకుంది. ఎవరో తొంగి చూశారు. ఆయన ఆపలేదు, అడిగినవన్నీ వరసగా చెప్పాడు. చివరికి ఫోను చెవి దగ్గరే ఉంచుకుని సంగమ్మ వైపు తిరిగాడు.

“అమ్మా, జరం వచ్చినంక నువ్వు ఎవరెవరిని కలిసినవ్? ఎవరన్న ఇంటికి వచ్చిన్రా?”

“ఎవ్వరు రాలే సారూ. నేను కూడా ఎక్కడికి పోలే.” సంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. దగ్గు తగ్గాక గుర్తొచ్చినట్టు అంది. “నిన్న గుడి కాడికి పోయిన, గంతే. అన్నదానం ఉండె. మొక్కు గదా, అన్నం వడ్డించుడు నాదే. జరం మీద నిలవడరాకుండె. అయినా దేవుని పని కాడ లేదంటే సిగ్గు గదా సారూ, పోయిన.”

“ఎంత మందికి వడ్డించినవమ్మా?”

“ఏమో సారూ, నేనెక్కడ లెక్కపెడ్త? విస్తర్లు అయిపోతే మళ్ల తెప్పిచ్చిన్రు.”